రైక్స్‌మ్యూజియంలో మన గోదావరి తీరాన్ని వెతకడం: నా అనుభవం

పాలకొల్లు, నరసాపురం, అమలాపురం వైపు నుంచి నెదర్లాండ్స్‌లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లొచ్చే పెద్దవాళ్లు ఈ మధ్య బాగానే ఉన్నారు. తులిప్ తోటలు, గాలిమరలు, కాలువలో పడవ ప్రయాణం అయ్యాక ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియానికి ఒక పూట కేటాయిస్తారు. రెంబ్రాంట్ బొమ్మ ముందు ఫోటో దిగి, కాళ్లు లాగేస్తున్నాయంటూ బయటికొచ్చేస్తారు. అది ఆ దేశపు జాతీయ మ్యూజియం. చిత్రకళ ఎంత ఉందో చరిత్రా అంతే ఉంది. ఆ చరిత్రలో రెండు శతాబ్దాలకు పైగా మన డెల్టాకీ వాటా ఉంది. అయితే మన ఊళ్ల పేర్లు అక్కడి గోడల మీద కనపడవు, ఏం వెతకాలో తెలిసి వెళ్లాలి.

ముందు కాస్త వెనక కథ. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టి 1799 చివర్లో మూతపడింది. కోరమాండల్ తీరంలో, అంటే మన తూర్పు తీరంలో, వాళ్ల ముఖ్య స్థావరం మొదట పులికాట్, 1690 నుంచి నాగపట్నం. మచిలీపట్నం వాళ్లకి పెద్ద రేవు. దాని పైన నరసాపురం, పాలకొల్లు, ద్రాక్షారామం, కాకినాడ జగన్నాథపురం, భీమిలి దాకా వాళ్ల వర్తక స్థావరాలు ఉండేవి. ఇక్కడ బట్ట నేయించి, రంగులద్దించి ఓడలకెక్కించేవారు. అందులో చాలా భాగం యూరప్ వెళ్లేది కాదు. జావాలోని బతావియాకి (ఇప్పటి జకార్తా), అక్కడినుంచి మసాలా దీవులకి వెళ్లేది. లవంగాలు, జాజికాయ పండించే జనం వెండి కన్నా మన బట్టే కోరేవారు. ఈ ఒక్క సంగతి గుర్తుంటే మ్యూజియంలో సగం వస్తువులు మనతో మాట్లాడతాయి. మిగిలిన డచ్చి స్థావరాలు 1824 ఒప్పందంతో ఇంగ్లీషువాళ్ల చేతికొచ్చాయి.

వీసా గురించి రెండు మాటలు చాలు. షెంగెన్ వీసాకి హైదరాబాద్‌లోనే వేలిముద్రలు ఇవ్వొచ్చు. పెద్దలకి రుసుము 90 యూరోలు, దాని మీద వీసా కేంద్రం వాళ్ల సేవా రుసుము వేరే. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఆరు నెలల ముందునుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. వేసవి సెలవుల్లో వెళ్లేవాళ్లు చివరిదాకా ఆగితే అపాయింట్‌మెంటే దొరకదు. తిరిగొచ్చే తేదీ తర్వాత కనీసం మూడు నెలలు చెల్లే పాస్‌పోర్టు, అందులో రెండు ఖాళీ పేజీలు ఉండాలి.

అసలు తయారీ ఇంట్లోనే మొదలవుతుంది. రైక్స్‌మ్యూజియం తన సేకరణలో చాలా భాగాన్ని పెద్ద సైజు ఫోటోలతో ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. వెతికే పెట్టెలో ఆంధ్ర, గోదావరి అని కొడితే పని జరగదు. కోరమాండల్ అని కొట్టాలి. అద్దకం బట్టలకైతే డచ్చి మాట సిట్స్. ఊళ్లకి వాళ్ల పాత పేర్లు వేరు: పాలకొల్లు వాళ్ల నోట పాలికోల్, ద్రాక్షారామం దాట్జెరోమ్, జగన్నాథపురం యాగర్‌నాయక్‌పురం. దొరికిన ప్రతి వస్తువు పేజీలోనూ అది ఇప్పుడు ప్రదర్శనలో ఉందా, ఉంటే ఏ గదిలో అన్నది ఉంటుంది. చాలామంది ఈ గది నంబరు చూసుకోకుండా వెళ్లి నిరాశపడతారు. సేకరణలో దాదాపు పది లక్షల వస్తువులుంటే బయట పెట్టేది 8,000 దాకా. మిగతావి గిడ్డంగిలో ఉంటాయి. ఫోటోలో చూసిన బట్ట గోడ మీద లేదంటే ఎవరో తీసేశారని కాదు, దానికి విశ్రాంతి ఇచ్చారని.

ఈ విశ్రాంతి సంగతి తెలుసుకోవాలి. సహజ రంగులద్దిన నూలు బట్ట వెలుతురికి వెలిసిపోతుంది, ఒకసారి పోయిన రంగు తిరిగి రాదు. అందుకే బట్టల్ని, కాగితం మీది బొమ్మల్ని 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దగ్గరి మసక వెలుతురులో కొన్నాళ్లుంచి తీసేస్తుంటారు. గది చీకటిగా ఉందని సణిగే వాళ్లని చూశాను. ఆ చీకటే ఆ బట్టని ఇన్నాళ్లు బతికించింది. ఫ్లాష్ లేకుండా ఫోటోలు తీసుకోవచ్చు. సెల్ఫీ కర్రలు, స్టాండ్లు కుదరవు.

టికెట్టు అధికారిక సైటులోనే, ప్రవేశ సమయంతో సహా కొనాలి. 2025లో పెద్దలకి 25 యూరోలు, 18 ఏళ్ల లోపు పిల్లలకి ఉచితం. పిల్లల ఉచిత టికెట్టుని కూడా అదే సమయానికి తీసుకోవడం మర్చిపోకండి. అచ్చం మ్యూజియం సైటులాగే కనిపించే దళారీ సైట్లు సెర్చ్‌లో పైనే వస్తాయి, అదే టికెట్టుని ఎక్కువ రేటుకి అమ్ముతాయి. చిరునామా చూసి కొనండి. ఏడాదిలో 365 రోజులూ ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా తెరిచే ఉంటుంది. 9 గంటల స్లాటు అన్నిటికన్నా మంచిది. లేదా మధ్యాహ్నం 3 తర్వాత వెళ్లొచ్చు గానీ రెండు గంటల్లో మన పని అవదు. 10 నుంచి 3 దాకా టూరు బృందాల తాకిడి.

సెంట్రల్ స్టేషన్ నుంచి 2 లేదా 12 నంబరు ట్రాము, స్కిపోల్ విమానాశ్రయం నుంచైతే 397 బస్సు. ఎక్కేటప్పుడు బ్యాంకు కార్డు తాకించినట్టే దిగేటప్పుడూ తాకించాలి. మన బస్సుల అలవాటుతో దిగేటప్పుడు మర్చిపోతే ఎక్కువ డబ్బు కోసేస్తుంది. మన కార్డుల్లో విదేశీ చెల్లింపులు, తాకించే చెల్లింపులు రెండూ బయల్దేరే ముందే బ్యాంకు యాప్‌లో ఆన్ చేసుకోవాలి. ఒకే కార్డుతో ఇద్దరు ప్రయాణించడం కుదరదు, మనిషికో కార్డు ఉండాలి.

భవనం 1885లో పీటర్ కోయ్‌పర్స్ కట్టింది. 2003 నుంచి 2013 దాకా పదేళ్లు మూసి బాగుచేశారు. దాని కడుపులోంచి సైకిళ్ల దారి పోతుంది, ప్రవేశ ద్వారం ఆ దారిలోనే ఉంది. సైకిళ్లు ఆగవండీ. ఆ దారి మీద నిలబడి ఫోటో తీసే ముందు రెండు పక్కలా చూడండి. లోపలికి దిగగానే గాజు కప్పు కింద పెద్ద హాలు. బ్యాక్‌ప్యాక్, గొడుగు, చలికోటు క్లోక్‌రూమ్‌లో పెట్టేయాలి. టికెట్టున్న ఫోను, కళ్లజోడు, మందులు కోటు జేబులో వదిలి పైకెళ్లి మళ్లీ దిగిరావడం మామూలే, ముందే తీసి ఉంచుకోండి. గదుల్లో తినడానికి లేదు. పులిహోర తెచ్చుకుంటే బయట మ్యూజియంప్లైన్ గడ్డి మైదానంలో తినొచ్చు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకి చక్రాల కుర్చీ సైటులో ముందే చెప్పి పెట్టుకోండి, లిఫ్టులున్నాయి.

అంతస్తుల వరస కాలక్రమంలో ఉండదు. ఇక్కడే చాలామంది తికమక పడతారు. కింద 0లో 1100 నుంచి 1600 దాకా, ఒకటో అంతస్తులో 1700 నుంచి 1900, రెండో అంతస్తులో 1600 నుంచి 1700, మూడులో 20వ శతాబ్దం. మనకి కావలసింది రెండో అంతస్తు. మధ్యలో సైకిళ్ల దారి ఉండడం వల్ల ఒక రెక్కలోంచి ఇంకో రెక్కకి పోవాలంటే చాలాసార్లు దిగి ఎక్కాలి. కాబట్టి గదుల నంబర్లు కాగితం మీద రెక్కలవారీగా రాసుకెళ్తే మెట్లు సగం తగ్గుతాయి.

9 గంటలకి లోపలికెళ్లినవాళ్లు తిన్నగా రెండో అంతస్తు చివర ఉన్న రెంబ్రాంట్ బొమ్మ ‘నైట్ వాచ్’ దగ్గరికి వెళ్లిపోవడం మేలు. జనం లేకుండా చూసే అవకాశం అప్పుడే. 1642 నాటి ఈ బొమ్మ దాదాపు 3.8 మీటర్ల ఎత్తు, 4.5 మీటర్ల వెడల్పు. అంత పెద్దదీ ఇప్పుడున్నది కోసిన తర్వాత మిగిలిందే: 1715లో టౌన్ హాల్ గోడకి పట్టలేదని అంచులు కత్తిరించారు. 2019 నుంచి చుట్టూ గాజు గది కట్టి అందరి కళ్ల ముందే పరిశోధన, మరమ్మతు చేస్తున్నారు. పరికరాలు అడ్డొచ్చాయని విసుక్కోకుండా కాసేపు ఆ పని చూడండి.

వెనక్కి వచ్చేటప్పుడు 17వ శతాబ్దపు మనుషుల బొమ్మల్లో మెడపట్టీల లేసు దగ్గర ఆగండి. నరసాపురం వైపు ఆడవాళ్లకి ఇది ఇట్టే పట్టుబడుతుంది. మన లేసు ఒక్క క్రోషా సూదితో గొలుసు వేసి అల్లేది. ఆ బొమ్మల్లోది చాలావరకు దిండు మీద గుండుసూదులు గుచ్చి, దారం చుట్టిన చిన్న కర్ర కండెలను ఒకదాని మీంచి ఒకటి తిప్పుతూ అల్లింది. అంచు కోణాలు చూస్తే తేడా తెలుస్తుంది: క్రోషాలో ముడి మీద ముడి లేచి కనిపిస్తుంది, కండెల లేసు చదునుగా, నేతలా ఉంటుంది. చిత్రకారుడు ఒక్కో దారం విడిగా వేశాడు చూడండి. ఆ మెడపట్టీ ఖరీదు చూపించడానికే ఆ శ్రమంతా.

పక్క గదుల్లోకి వెళ్తే సముద్రాల అవతలి సంగతులు. హెండ్రిక్ వాన్ స్కోయిలెన్‌బర్గ్ 1665లో వేసిన హుగ్లీ స్థావరం బొమ్మ మూడు మీటర్లకి పైగా వెడల్పు ఉంటుంది. ప్రహరీ గోడ, లోపల తోటలు, గిడ్డంగులు, జెండా, నదిలో ఓడలు, గోడ బయట మన జనం. బెంగాల్‌ది అయినా మన ఏటిగట్టు మీద డచ్చివాళ్ల కొఠీ ఎలా ఉండేదో ఊహకి ఇది మంచి ఆధారం. ఒక్క జాగ్రత్త: ఇది కంపెనీ పెద్ద వేయించుకున్న బొమ్మ. ప్రహరీ లోపల అంతా గీత గీసినట్టు పద్ధతిగా, బయటంతా వింతగా కనబడేలా వేశారు. దానికి దగ్గరలోనే ఆండ్రీస్ బేక్మన్ వేసిన బతావియా కోట. కొబ్బరిచెట్ల కింద సంత, చేపలు, పళ్లు. కోనసీమ వాళ్లకి అది పరాయి చోటనిపించదు. మన రేవుల్లో ఎక్కిన బట్ట మూటలు దిగింది ఆ ఊళ్లోనే.

మూటలొక్కటే దిగలేదు. 17వ శతాబ్దపు కరువుల్లో కోరమాండల్ తీరంలో అమ్ముడుపోయిన మనుషుల్ని కూడా కంపెనీ ఓడలు బతావియాకి, సింహళానికి తీసుకెళ్లాయి. 2021లో ఈ మ్యూజియం బానిసత్వం మీద పెద్ద ప్రదర్శన పెట్టింది. అప్పుడే శాశ్వత గదుల్లోని 70కి పైగా వస్తువుల పక్కన రెండో చీటీ ఒకటి చేర్చింది, ఆ వస్తువుకీ బానిసత్వానికీ ఉన్న సంబంధం చెబుతూ. మామూలు చీటీలు వదిలేసినా పర్వాలేదు గానీ అలాంటివి ఇంకా కనబడితే వాటిని చదవండి. పాత గైడు పుస్తకాలు పట్టుకెళ్లే వాళ్లు క్యాండీ ఫిరంగి కోసం వెతుకుతారు. 1765లో శ్రీలంకలో కొల్లగొట్టిన ఆ వెండి, బంగారు పనితనం ఉన్న ఫిరంగిని 2023 డిసెంబరులో కొలంబోకి తిరిగిచ్చేశారు.

ఇప్పుడు బట్టలు. ప్రదర్శనలో అద్దకం బట్ట ఉన్న రోజు మీ అదృష్టం, దాని దగ్గర అరగంట పెట్టండి. చీటీ మీద ‘కోరమాండల్ తీరం’ అని, కాలం అని ఉంటుంది, అంతే. ఊరి పేరు ఉండదు. నేసిన ఊరు ఒకటి, అద్దిన ఊరు ఒకటి, ఓడెక్కిన రేవు ఇంకొకటి కావడంతో మ్యూజియం వాళ్లు కూడా అంతకన్నా ముందుకెళ్లరు. ‘ఇది మా పాలకొల్లుదే’ అని మనం తేల్చేయడమూ తప్పే. చూడాల్సింది పనితనం.

పెడన కలంకారీ చూసిన కళ్లు మొదట వెతికేది అచ్చు అతుకుల్ని. పెడనలో చెక్క అచ్చుతో వేస్తారు కాబట్టి పువ్వు తర్వాత పువ్వు ఒకే కొలతలో వస్తుంది. విదేశాలకు పంపిన పాత మేలిరకం బట్టలో అలా ఉండదు. కలంతో చేత్తో గీసింది కాబట్టి ఒకే తీగ మీది రెండు ఆకులు కూడా సరిగ్గా ఒకలా ఉండవు. గాజుకి దగ్గరగా వంగి నల్ల గీత చూడండి: మొదట్లో లావుగా మొదలై చివరికి సన్నబడుతుంది, కలంలో ద్రవం అయిపోతున్న చోటు కనిపిస్తుంది. ఆ నలుపు ఇనుప తుప్పు, బెల్లం పులియబెట్టిన కసిం. బట్టని ముందే కరక్కాయ, గేదెపాలలో నానబెడతారు. కరక్కాయ వగరుతో ఇనుము కలిసి నల్లబడుతుంది, పాలలోని కొవ్వు రంగు పాకిపోకుండా ఆపుతుంది. ఆ నల్లగీత చోటే బట్ట చిరిగి సన్నటి పగుళ్లు కనబడితే పురుగు కొట్టిందనుకోవద్దు. ఇనుమే ఏళ్ల తరబడి నూలుని తినేస్తుంది.

ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు రాసి, బట్టని చిరివేరుతో ఉడికిస్తారు. పటిక తగిలిన చోట మాత్రమే రంగు నిలబడుతుంది. ఆ ఎర్ర పువ్వులో జుట్టంత సన్నటి తెల్ల గీతలుంటే, పటిక రాసే ముందు అక్కడ మైనం గీశారన్నమాట. నీలానికైతే నీలం ఉండకూడని బట్టంతా మైనం పూసి నీలిమందు తొట్టిలో ముంచాలి. మైనం పగిలిన చోట నీలం సందుల్లోకి దూరి సన్నటి నరాల్లా గీతలు పడతాయి, కొన్ని బట్టల మీద అవి ఇప్పటికీ కనిపిస్తాయి. ఇక ఆకులు నీలంగా ఎందుకున్నాయని పిల్లలడుగుతారు. అవి మొదట పచ్చగానే ఉండేవి. నీలం మీద పసుపు రంగు కలంతో పూసి పచ్చదనం తెచ్చేవారు, ఆ పసుపు వెలుతురికి ఆగలేదు, నీలం మిగిలింది. ఎక్కడైనా మడతలో దాగిన మూల ఉంటే అక్కడ లేత ఆకుపచ్చ ఇంకా కొంచెం దొరుకుతుంది. ముందు అక్కడ చూడండి.

బట్టలేవీ ప్రదర్శనలో లేని రోజయితే, లేదా ఇవే ఇంకా కావాలంటే, రైలెక్కి లేవార్డెన్ వెళ్లాలి. అక్కడి ఫ్రీస్ మ్యూజియంలో కోరమాండల్ అద్దకం బట్టల పెద్ద సేకరణ ఉంది. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి పోను రెండు గంటల పైమాటే, కాబట్టి ముందే వాళ్ల సైటులో ఏం ప్రదర్శిస్తున్నారో చూసి బయల్దేరండి.

కింది అంతస్తులో ఓడల నమూనాల గది మన లాకుల దగ్గర పెరిగినవాళ్లకి పండగే. డచ్చి నౌకాదళం పాఠాల కోసం చేయించుకున్న నమూనాలు అవి: ఓడలు, యంత్రాలు, లాకులు, ఓడ మరమ్మతు రేవులు. వాటిలో ‘ఓడ ఒంటె’ని వెతకండి. ఆమ్‌స్టర్‌డామ్ బయట పాంపుస్ అనే ఇసుక మేట ఉండేది, సరుకుతో ఉన్న పెద్ద ఓడలు దాని మీద కూరుకుపోయేవి. 1690 ప్రాంతంలో దీనికి మందు కనిపెట్టారు. ఓడకి రెండు పక్కలా రెండు డొల్ల తొట్లు కట్టి, నీళ్లు నింపి ముంచి, గొలుసులు బిగించి, ఆ నీళ్లు తోడేస్తారు. తొట్లు తేలుతూ ఓడని కూడా ఎత్తుతాయి. కాకినాడలో పెద్ద ఓడలు దూరంగా లంగరేసి, సరుకు బార్జీల మీద దింపడం చూసినవాళ్లకి సమస్య వెంటనే తెలుస్తుంది. మేట ఒకటే, వాళ్లు ఓడని ఎత్తారు, మనం సరుకుని దింపాం.

అదే అంతస్తులో ఏషియన్ పెవిలియన్ ఉంది, చుట్టూ నీళ్లున్న చిన్న కట్టడం. చోళుల నాటి కంచు నటరాజు అక్కడే. ఎత్తు 153 సెంటీమీటర్లు. ఎక్స్‌రే తీసి చూస్తే లోపల డొల్ల లేదని, నిలువెల్లా పోతపోసిందని తేలింది. బరువు 300 కిలోల దాకా. మనవాళ్లు చెప్పులు విప్పాలా వద్దా అని తటపటాయిస్తారు. అక్కర్లేదు, దణ్ణం పెట్టుకుంటే ఎవరూ ఏమీ అనరు. మూడో అంతస్తు ఓపికుంటేనే.

గదుల్లో కనపడకపోయినా అడిగి తెలుసుకోవలసింది ఒకటుంది, విట్సెన్ ఆల్బమ్. ఆమ్‌స్టర్‌డామ్ మేయరుగా చేసిన నికోలాస్ విట్సెన్ దగ్గరున్న 49 చిత్రాల సంపుటం, గోల్కొండలో 1686 ప్రాంతంలో వేసింది, మన దేశపు పాలకుల రూపాలు. మరుసటేడు గోల్కొండ ఔరంగజేబు వశమైంది. అప్పటిదాకా మన డెల్టా శిస్తు వెళ్లింది ఆ గోల్కొండకే. కాగితం మీది బొమ్మలు కాబట్టి ఎప్పుడూ బయట ఉండవు. సైటులో విట్సెన్ పేరుతో వెతికితే ఇంట్లోనే పెద్దవి చేసి, ముత్యాల దండలో పూసల దాకా చూడొచ్చు. ఎదురుగా చూసిన దానికన్నా ఇదే నయం కూడా.

పాలకొల్లు, ద్రాక్షారామం పేర్లు నిజంగా సిరాలో రాసి ఉన్న చోటు మాత్రం మ్యూజియం కాదు, ది హేగ్‌లోని జాతీయ ఆర్కైవ్స్. సెంట్రల్ రైల్వే స్టేషన్ పక్కనే. కంపెనీ కాగితాలు 1.2 కిలోమీటర్ల పొడవున అరల్లో ఉన్నాయి, 2003లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాకెక్కాయి. చదివే గదికి ముందుగా పేరు నమోదు చేసుకుని, కావలసిన కట్ట నంబరు చెప్పి తెప్పించుకోవాలి. డచ్చి రాకపోతే అంత దూరం వెళ్లి లాభం తక్కువ. గ్లోబలైజ్ అనే ప్రాజెక్టు ఆ చేతిరాత పేజీల్లో సుమారు 50 లక్షలని కంప్యూటరుతో చదివించి, మాటలతో వెతికేలా ఇంటర్నెట్‌లో పెట్టింది. యంత్రం చదివింది కాబట్టి తప్పులుంటాయి, పైగా ఆనాటి గుమాస్తాలు ఒకే ఊరిని నాలుగు రకాలుగా రాశారు. పాలికోల్ అని ఇంగ్లీషు ‘సి’తో కొట్టి ఏమీ రాకపోతే ‘సి’ తీసి ‘కె’ పెట్టండి, చివర ‘ఎల్’ రెండు పెట్టండి, అప్పుడూ రాకపోతే మచిలీపట్నం నుంచి వెళ్లిన ఉత్తరాల కట్టల్ని ఏడాదివారీగా తీసి పేజీలు తిప్పండి.